వయొలిన్ ఎల్పీ బాగుచేత: పని డైరీ

పని మొదలు

చేయాల్సింది ఒక్క రికార్డు. పన్నెండు అంగుళాల మోనో ఎల్పీ. మొదటి వైపంతా వయొలిన్ మీద మోహన రాగం: ముందు ఆలాపన, తర్వాత కీర్తన. రెండో వైపు చిన్నచిన్న కీర్తనలు. మా మామయ్య దగ్గర్నుంచి అమ్మకి, అమ్మ దగ్గర్నుంచి నాకు వచ్చింది. నాకు సంగీతం పిచ్చి పట్టించింది ఇదే. అందుకని దీన్ని శుభ్రం చేసి, సరిగ్గా పాడించి, కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కకో కాపీ ఇవ్వాలని ప్లాను. ఎంతవరకు బాగుచేస్తే బాగుచేసినట్టు అన్నది మాత్రం ముందుగా తేల్చుకోలేదు. చేస్తూ చూద్దాం అనుకున్నా.

ముందు టేబుల్ లైటు పక్కనుంచి పడేలా పెట్టి, రికార్డుని వాలుగా పట్టుకుని చూశాను. వంకర లేదు, అది పెద్ద అదృష్టం. వంగిన రికార్డుని వేడిచేసి సరిచేయడం మీద నాకెప్పుడూ నమ్మకం లేదు. గాడులు చాలాచోట్ల నల్లగా మెరవడం మానేసి బూడిదరంగుకి తిరిగాయి. అరుగుదల అంటే అదే. లేబుల్ దగ్గర్లో బూజు మచ్చలున్నాయి. ఆలాపన ఉన్న భాగంలో, అంచు నుంచి లోపలికి ఏటవాలుగా, బొటనవేలంత పొడవు గీత ఒకటి ఉంది. దాని మీద గోరు పోనిస్తే తగులుతోంది. గోటికి తగలని గీతలు చాలావరకు సన్నటి టిక్కుతో సరిపెడతాయి. తగిలేవాటితోనే తంటా.

శనివారం: కడగడం

ఎల్పీ అంటే వినైల్, అంటే పీవీసీ జాతి ప్లాస్టిక్. నీళ్ళకి భయపడదు. నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్‌లో ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, రెండు చుక్కలు వాసన లేని సోపు వేశాను. ఇది ఎల్పీలకే. పాత 78 ఆర్‌పీఎం లక్క రికార్డుల మీద ఆల్కహాల్ పడితే లక్క కరిగిపోతుంది. ఇంట్లో రెండు రకాలూ ఉన్నవాళ్ళు సీసా మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి. కుళాయి నీళ్ళు వాడొద్దు. అందులోని ఉప్పు గాడిలో ఎండిపోతే కొత్త చిటపట మొదలవుతుంది.

మెత్తని బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా తుడిచాను, అడ్డంగా కాదు. లేబుల్ తడవకుండా దాని సైజు ప్లాస్టిక్ మూత నొక్కిపెట్టాను. తర్వాత ఒట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మైక్రోఫైబర్ బట్ట అద్ది, నిలబెట్టి ఆరబెట్టాను. మొదటి విడత నీళ్ళు టీ డికాషన్ రంగులో దిగాయి. రికార్డు మీద ఫెవికాల్ లాంటి జిగురు పోసి, ఆరాక పొరలా ఊడదీసే పద్ధతి కూడా ఉంది. బాగా పనిచేస్తుందని చెప్పేవాళ్ళున్నారు. నాకు అంత ధైర్యం చాల్లేదు.

పాత కవర్లోకి తిరిగి పెట్టలేదు. లోపలి కాగితం కవరు పొడిపొడిగా రాలుతోంది, పెడితే కడిగిందంతా వృథా. పాలిథీన్ లైనింగ్ ఉన్న కొత్త లోపలి కవరు వేసి, అట్టని విడిగా దాచాను.

ఆదివారం: ముల్లు, ఆర్మ్, బరువు

మా మామయ్య ప్లేయరు పెట్టెలా మూసే పోర్టబుల్ రకం. సిరామిక్ కార్ట్రిడ్జి (ముల్లుని పట్టుకుని, దాని కదలికని కరెంటు సంకేతంగా మార్చే ముక్క), బరువైన ఆర్మ్. ఆ కాలం సిరామిక్ కార్ట్రిడ్జిలు గాడి మీద ఐదు గ్రాములో, అంతకన్నా ఎక్కువో బరువు వేసేవి. ఇప్పటి మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జికి రెండు గ్రాముల లోపు చాలు. ఐదు గ్రాములంటే ఎంతలే అనిపిస్తుంది గానీ, ముల్లు కొన గాడి గోడని తాకే చోటు మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. ఆ బరువంతా అక్కడే పడుతుంది. రికార్డు బూడిదరంగుకి తిరిగిందంటే తిరగదా మరి.

ఈ పనికి స్నేహితుడి డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ తెచ్చుకున్నాను. దానికి వేగాన్ని కాస్త పెంచి తగ్గించే పిచ్ స్లైడర్ ఉంది. అది ఎంత పనికొచ్చిందో కింద రాస్తాను. ప్రొట్రాక్టర్ కాగితం పెట్టి, కార్ట్రిడ్జి కోణం రెండు చోట్ల, ఇరుసు నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గరా 120.9 దగ్గరా, గాడికి సరిగ్గా సమాంతరంగా ఉండేలా బిగించాను. బరువు 1.8 గ్రాములు.

ముల్లు ఎంపిక దగ్గర కాస్త ఆగాలి. ఎల్పీల మొదటి రోజుల్లో మోనో ముల్లు కొన వ్యాసార్ధం 25 మైక్రాన్లు ఉండేది (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). స్టీరియో వచ్చాక 18కి తగ్గింది. సన్నటి కొన గాడిలో లోతుకి దిగుతుంది, లావు కొన గోడ మీద కాస్త పైనే కూర్చుంటుంది. పాత ముల్లు ఏ ఎత్తులో గాడిని అరగదీసిందో ఆ ఎత్తులోనే కొత్త ముల్లు కూడా కూర్చుంటే వినపడేది అరుగుదలే. కాస్త పైనో కిందో కూర్చుంటే ఎవరూ ముట్టని గోడ దొరకొచ్చు. నా దగ్గరున్నవి మామూలు గుండ్రటి 18 మైక్రాన్ల ముల్లు ఒకటి, కొన కోలగా ఉండే ఎలిప్టికల్ ఒకటి. రెండూ పెట్టి చూశాను. ఎలిప్టికల్‌తో తంబురా తేటగా వచ్చింది, గుండ్రటిదానితో బరబర వచ్చింది. ఈ రికార్డుకి ఎలిప్టికల్ ఖాయం చేశాను.

రికార్డు వేగం గొడవ

రికార్డు పెట్టాను. తంబురా మొదలైంది. వయొలిన్ అందుకుంది. వింటున్నది అదే రికార్డని తెలుస్తూనే ఉంది, కానీ అదే రికార్డులా లేదు. అంతా కాస్త నెమ్మదిగా, కాస్త బరువుగా ఉంది.

చిన్నప్పుడు ఈ రికార్డుతో కలిసి పాడాలని శ్రుతిపెట్టె పట్టుకుని కూర్చునేవాళ్ళం, నేనూ అక్కా. ఎప్పుడూ కలిసేది కాదు. ఒకటిన్నర శ్రుతికీ రెండు శ్రుతికీ మధ్యలో ఎక్కడో వేలాడేది. శ్రుతిపెట్టెదే తప్పని దాన్ని తిట్టుకునేవాళ్ళం. ఇప్పుడు చూస్తే తంబురా సరిగ్గా ఒకటిన్నరలో కూర్చుంది.

ఇద్దరిలో ఎవరు సరి, ఈ టర్న్‌టేబులా, మామయ్య ప్లేయరా? ముందు స్ట్రోబ్ డిస్కు పెట్టి చూశాను. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే దీపం సెకనుకి వందసార్లు మిణుకుతుంది కాబట్టి, నిమిషానికి 33⅓ చుట్ల ఎల్పీ వేగానికి డిస్కు మీద 180 గీతలుంటాయి. వేగం సరిగ్గా ఉంటే గీతలు నిలబడిపోయినట్టు కనిపిస్తాయి. చాలా ఎల్ఈడీ బల్బుల కింద ఇది తేలదు, అవి ఆ లెక్కన మిణకవు. పాత చోక్ ట్యూబ్‌లైటు కింద పెడితే గీతలు కదలకుండా నిలబడ్డాయి. అంటే టర్న్‌టేబుల్ నిజమే చెబుతోంది.

మరి రికార్డు తయారైనప్పుడు వేగం సరిగ్గా ఉందో లేదో? దానికీ ఒక దారి ఉంది. పాత రికార్డింగుల్లో మెయిన్స్ కరెంటు హమ్ము కాస్త కలిసిపోయి ఉంటుంది. 50 హెర్ట్జ్ కరెంటుతో రికార్డు చేసింది సరైన వేగంతో తిరిగితే ఆ హమ్ము 50 దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర కనిపించాలి. కానీ నా ఆంప్లిఫయర్ హమ్ము కూడా అక్కడే ఉంటుంది కదా, రెండూ కలిసిపోతాయి. ఇక్కడే పిచ్ స్లైడర్ పనికొచ్చింది. వేగాన్ని కావాలనే మూడు శాతం పెంచి, ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దముందో చూపే స్పెక్ట్రమ్ గ్రాఫు చూశాను. నా ఆంప్లిఫయర్ హమ్ము ఉన్నచోటే ఉంది. దాని పక్కన ఇంకో సన్నటి శిఖరం 103 దగ్గరికి జరిగింది. జరిగిందంటే అది గాడిలో ఉన్న హమ్ము. అసలు వేగంలో అది 100. రికార్డు సరిగ్గానే ఉంది, తేడా మామయ్య ప్లేయర్‌దే.

ఆ రకం ప్లేయర్లలో డీసీ మోటారు వేగాన్ని పట్టి ఉంచేది చిన్న గవర్నర్. అది సెట్టింగు తప్పితే మోటారు పరుగెడుతుంది. మూడు శాతం ఎక్కువ తిరిగితే శ్రుతి అర స్వరస్థానం, అంటే సుమారు 51 సెంట్లు (ఒక స్వరస్థానానికి వంద సెంట్లు) పెరుగుతుంది. ఒకటిన్నర శ్రుతి కాస్తా ఒకటిన్నరకీ రెండుకీ నడిమధ్యకి వెళ్ళేది అందుకే. పాపం ఆ శ్రుతిపెట్టె!

సరదాకి స్లైడర్‌ని మూడు దగ్గరే ఉంచి ఒక వైపంతా విన్నాను. అప్పుడు మాత్రం అదే రికార్డు.

బుధవారం రాత్రి: గీత దాటింది

ఇక ఆ ఏటవాలు గీత సంగతి. భూతద్దంలో చూస్తే గీతకి ఒక పక్క ప్లాస్టిక్ సన్నగా పైకి లేచి ఉంది. టూత్‌పిక్ తడిపి, గాడి దిశలోనే, ఒత్తకుండా రెండుమూడుసార్లు పోనిచ్చాను. ఇది అందరికీ చెప్పే సలహా కాదు. చెయ్యి వణికితే ఒక గీత రెండవుతుంది.

తిరుగుతున్న రికార్డు మీద ముల్లుకి రాపిడి వల్ల ఆర్మ్ లోపలివైపు, ఇరుసువైపు లాగబడుతుంది. దాన్ని స్కేటింగ్ అంటారు. ఇప్పటి ఆర్మ్‌లలో దానికి ఎదురు లాగే యాంటీ స్కేటింగ్ ఉంటుంది. మామయ్య ప్లేయర్లో అలాంటిదేమీ లేదు. కాబట్టి గీత దగ్గర తడబడిన ముల్లు లోపలికే దూకేది. నేను యాంటీ స్కేటింగ్ కాస్త పెంచి, బరువు రెండు గ్రాములు చేసి, ముల్లు దించాను.

ఆ చోటు నాకు కంఠతా వచ్చు. వయొలిన్ "గ పా" అని పంచమం మీద ఒక్క క్షణం నిలబడి, చటుక్కున పై షడ్జమం అందుకుంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ దూకుడంటే ప్రాణం. అంత నింపాదిగా నడుస్తున్న ఆలాపనలో ఎంత తెగువ! తర్వాత ఏ కచేరీ విన్నా, ఎవరు మోహన ఎత్తుకున్నా, ఆ పంచమం దగ్గరికి రాగానే చెవి రిక్కించేవాణ్ణి. కొందరు దూకేవాళ్ళు, చాలామంది మెట్టుమెట్టుగా ఎక్కేవాళ్ళు. ఎక్కేవాళ్ళు నాకు ఆనేవాళ్ళు కాదు.

ముల్లు గీత దగ్గరికొచ్చింది. టిక్కు. "గ పా", ఆగింది. దూకలేదు. "ద ప గ" అని కిందికి దిగి, మళ్ళీ "ప ద" అని ఎక్కి, అప్పుడు వెళ్ళింది షడ్జమానికి, మెట్టుమెట్టుగా.

ముల్లెత్తి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే.

33⅓ వేగంలో రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. మామయ్య ప్లేయర్లో ముల్లు గీత దగ్గర ఒక చుట్టు దాటేసేది. అంటే 1.8 సెకన్ల వయొలిన్ మా ఇంట్లో ఎప్పుడూ మోగలేదు. కీర్తనలో అయితే తాళం తప్పేది, మృదంగం దెబ్బ చోటు మారేది, ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు. ఆలాపనకి తాళం లేదు. పైగా దూకిన ముల్లు రాగంలోనే దిగింది. పంచమం నుంచి పై షడ్జమానికి వెళ్ళడం మోహనకి అపచారమేమీ కాదు. ఎవరికీ అనుమానం రాలేదు. చాలామంది చేయని సాహసం చేశాడని ఇన్నాళ్ళూ ఆ వయొలిన్ విద్వాంసుణ్ణి మనసులో మెచ్చుకుంటూ వచ్చాను. అది గీత చేసిన పని.

ఆయన అసలు వాయించింది ఇంకా బాగుంది, అదొక్కటే గుచ్చుకుంటోంది. దిగిన చోట గాంధారం మీద చిన్న ఊపు ఇచ్చాడు. విల్లు తిప్పిన చప్పుడు కూడా వినిపిస్తోంది. ఆ చుట్టులో గాడి అరగలేదు, ముల్లు ఎప్పుడూ అక్కడికి పోలేదు కాబట్టి. రికార్డు మొత్తంలో కొత్తదానిలా ఉన్నది ఆ ఒక్క చుట్టే.

శనివారం: ఎక్కించడం

రికార్డింగు 96 కిలోహెర్ట్జ్, 24 బిట్. నిమిషానికి 34 ఎంబీకి పైగా తింటుంది. రెండు వైపులూ కలిపి ఒకటిన్నర జీబీ లోపే, పర్వాలేదు. లెవెల్ పెట్టేటప్పుడు పెద్ద టిక్కు దగ్గర కూడా క్లిప్ కాకుండా, అంటే శబ్దం కొన తెగిపోకుండా, చోటు వదిలాను.

కార్ట్రిడ్జి నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీఆంప్ గురించి ఒక మాట. ఎల్పీ కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. లేకపోతే బేస్‌కి గాడి వెడల్పు అయిపోయి, పక్క గాడిలోకి పోతుంది. వినేటప్పుడు ప్రీఆంప్ దాన్ని తిరగేస్తుంది. ఈ తగ్గింపుకీ పెంపుకీ అందరికీ ఒకే లెక్కగా 1954లో ఆర్‌ఐఏఏ కర్వ్ వచ్చేదాకా ఏ కంపెనీ లెక్క దానిదే. ఈ రికార్డు దాని తర్వాతిదే కాబట్టి మామూలు ప్రీఆంప్ సరిపోయింది.

మోనో రికార్డు కావడం బాగా కలిసొచ్చింది. మోనోలో సంగీతమంతా ముల్లు పక్కలకి కదలడంలోనే ఉంటుంది. పైకీ కిందికీ కదిలేది దుమ్మూ అరుగుదలే. స్టీరియో కార్ట్రిడ్జితో రెండు గోడలనీ విడివిడిగా ఎక్కించి, తర్వాత కలిపేస్తే పైకీ కిందికీ కదిలే రొద చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. కలపకముందు ఎడమ గోడ, కుడి గోడ వేరువేరుగా విన్నాను. గీత ఉన్నచోట ఎడమది శుభ్రంగా ఉంది. ఆ చుట్లకి ఎడమదే వాడాను. ఒక్కో గోడలో ఒక్కో చానెల్ కోసే ఈ ఆలోచనకి ఇంగ్లండులో అలన్ బ్లుమ్లీన్ 1931లోనే పేటెంటుకి దరఖాస్తు చేశాడు. ఎల్పీ పుట్టింది 1948లో, స్టీరియో ఎల్పీలు బజారుకొచ్చింది దానికీ పదేళ్ళ తర్వాత. పాపం ఆయన 1942లోనే విమాన ప్రమాదంలో పోయాడు.

టిక్కులు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో చేత్తోనే తీస్తున్నాను. ఒక్క బటన్‌తో అన్నీ తీసే ఫిల్టర్ పెడితే మృదంగం చాపు దెబ్బల అంచులు కూడా మొద్దుబారుతున్నాయి. యంత్రానికి టిక్కూ చాపూ ఒకటే.

ఒకదాన్ని మాత్రం ముట్టుకోను. కీర్తన మొదలయ్యే ముందు నిశ్శబ్దంలో, వయొలిన్ పల్లవి మొదటి స్వరం లీలగా ముందే వినిపిస్తుంది. చిన్నప్పుడు వాయించేముందు ఆయన తనలో తాను అనుకుంటున్నాడనుకునేవాణ్ణి. ఇప్పుడు వేవ్‌ఫామ్ మీద కొలిచాను: అసలు స్వరానికి సరిగ్గా 1.8 సెకన్ల ముందు, అంటే ఒక చుట్టు ముందు. రికార్డులు అచ్చువేయడానికి మూలమైన మాస్టర్ లక్కర్ పళ్ళేన్ని కోసేటప్పుడు గట్టి స్వరం ఉన్న గాడి, పక్కన అప్పటికే కోసిన మెత్తటి గోడని కొంచెం నెడుతుంది. ఆ నెట్టుడు రికార్డుల్లోకి అచ్చయిపోతుంది. టేపు చుట్టలో పొర పక్క పొరకి అంటుకుని ఇలాంటి నీడ పడటం కూడా ఉంది గానీ, దాని లెక్క రికార్డు చుట్టుకి ఇంత కచ్చితంగా సరిపోదు. ఇది గాడిదే. ఉండనీ.

అక్క తీర్పు

శుభ్రం చేసిన మొదటి వైపు అక్కకి పంపాను, ఏమీ చెప్పకుండా. రాత్రి ఫోను.

"ఏరా, ఇది మనదేనా? శ్రుతి తగ్గినట్టుంది."

"మనదే అక్కా. మామయ్య ప్లేయరు తొందరపడేది."

"సర్లే. ఆ పంచమం దగ్గర ఏం చేశావు? ఏదో అతికించావు."

"అతికించలేదు. ఇన్నాళ్ళూ తెగిపోయింది. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు వస్తోంది."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బాగానే ఉంది. కానీ నాకు పాతదే చేసి పెట్టు" అంది. గ ప ద ప గ ప ద సా అని ఫోన్లోనే ఒకసారి అని చూసుకుంది, దిగే చోట గాంధారం ఊపు కూడా పట్టేసింది. ఒక్కసారి విని! చిన్నప్పుడూ అంతే, ముందు తనకే వచ్చేది.

ఇప్పటి లెక్క

మొదటి వైపుకి మూడు ఫైళ్ళు. ఒకటి ముల్లు నుంచి వచ్చింది వచ్చినట్టు, దాని జోలికి పోను. రెండోది టిక్కులు తీసి, మోనోకి కలిపింది. మూడోది అక్క అడిగింది: గీత దగ్గర ఒక చుట్టు కోసేసి, దూకేలా అతికించి, తర్వాత మూడు శాతం వేగం పెంచింది. అతుకు ఎక్కడ వేయాలో వెతుక్కోవాల్సిన పని పడలేదు. టిక్కు దగ్గర కోసి, 1.8 సెకన్ల అవతల కలిపితే అతుకు తెలియనే లేదు. టిక్కు కూడా తీయలేదు, అది లేకపోతే అక్క ఒప్పుకోదు. ఫైలు పేరు మీద మాత్రం ఇది మార్చినదని స్పష్టంగా రాశాను. రేపు పిల్లలెవరైనా దీన్నే అసలుదనుకుంటే ఇంకో తరం పంచమం మీద దూకుతుంది.

రెండో వైపు ఇంకా సతాయిస్తోంది. చివరి కీర్తన లేబుల్‌కి దగ్గర్లో ఉంది. ఎల్పీ అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు పరుగెడితే, లోపలికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అంతే సంగీతాన్ని సగం కన్నా తక్కువ పొడవులో ఇరికించాలి. వయొలిన్ తారస్థాయికి వెళ్ళినప్పుడల్లా చీరుకుపోతున్నట్టు వస్తోంది. పైగా ఈ వైపు చిల్లు కాస్త నడిమికి లేదు, నిలబెట్టిన స్వరాలు చుట్టుకొకసారి ఊగుతున్నాయి. ఊగుడికి మందు ఉంది: చిల్లు ఇరుసుకి కొంచెం వదులుగానే ఉంది కాబట్టి, ఆర్మ్ పక్కలకి ఊగడం ఆగేదాకా రికార్డుని అటూ ఇటూ జరిపి పెట్టొచ్చు. చీరుడుకి 25 మైక్రాన్ల మోనో ముల్లు ఒకటి ఆర్డరు పెట్టాను, గోడ మీద పైన అరగని చోటు దొరుకుతుందేమో చూడాలి. అది వచ్చేదాకా రెండో వైపు పక్కన పెట్టి, మొదటి వైపు కీర్తనలో మిగిలిన టిక్కులు తీస్తున్నాను. అనుపల్లవి దాకా వచ్చింది.